గోడకెక్కాల్సిన ఫొటో

"జో మంచోడు. కాదని ఎవరన్నారు? కానీ గోడకెక్కేంత పిచరా, అదీ నా ప్రశ్న!" అన్నాడు ట్రెవర్, బీరు డబ్బా బల్ల మీద ఠక్కున పెట్టి.

క్లబ్బులో అందరికీ 'జో' అయిన జోజయ్య ఉలిక్కిపడ్డాడు. ఇంగ్లీషులో అన్నా తెలుగులో అన్నా ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఆ బేస్‌బాల్ క్లబ్బుకి ఉన్నది ఒక రేకుల షెడ్డు. అందులో ఒక గోడ. ఆ గోడకి 'హాల్ ఆఫ్ ఫేమ్' అని పెద్ద పేరు. ఆట మానేసిన వాళ్లలోంచి ఏడాదికి ఒక్కరి ఫొటోనే, సభ్యుల ఓటుతో, దాని మీదకి ఎక్కుతుంది. తొంభై ఒకటిలో ఇద్దరు పిచర్లు బంతి విసరడం చాలించారు. ఒకడు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసే జోజయ్య. రెండోవాడు ఇదిగో, ఈ ట్రెవర్. వరసలో ముందున్నది జోజయ్య పేరు. అది పోతే ట్రెవర్ వంతు. అందుకే అతగాడికి అంత ఆవేశం.

"ఏవండీ, ఏంటా చెమటలు? ఇంత చలిలో!" అంది పక్కన కూర్చున్న భార్య అమృతం, గొంతు తగ్గించి.

"ఊరుకో అమృతం. బ్రిస్బేన్ చర్చిలో అందరికీ చెప్పేశాను, ఫొటో పెడుతున్నారని."

"బతికున్న మనిషి ఫొటో గోడకెక్కించడమేంటో, నాకైతే అస్సలు నచ్చలా. కానీ ఎక్కకపోతే ఏడాదంతా మీతో నేను వేగాలిగా. దేవుడా, ఎక్కించెయ్యి!"

అటు ట్రెవర్ ఆగలేదు. "జో బంతి విసిరితే అవతలి టీముకి పండగే. వెనకింటి కోళ్ల షెడ్డు మీద పడ్డ బంతుల్లో సగం జో పుణ్యమే. ఆ కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయట!"

అందరూ గొల్లుమన్నారు. నవ్వకపోతే బావుండదని జోజయ్యా నవ్వాడు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు.

స్కోరు రాసే హెలెనా లేచింది. "మరి అతని స్లో బాల్ సంగతో? అది వచ్చేలోపు బ్యాటర్ ఓసారి ఊపేసి, తనని తాను తిట్టుకుని, మళ్లీ సర్దుకుని నిలబడేవాడు. వార్విక్ టీము వాళ్లు ఇప్పటికీ ఆ బంతి కోసం ఎదురుచూస్తున్నారు!"

"అది స్లో బాలూ కాదు, వంకాయా కాదు. భుజం నొప్పి!" అన్నాడు ట్రెవర్.

జోజయ్య తల దించుకున్నాడు. మహానుభావుడు, నిజమే చెప్పాడు.

"నొప్పితోనే విసిరాడు కదా!" అంది హెలెనా. " మంచు కురిసే పొద్దుల్లో నువ్వు హీటర్ ముందు కూర్చుంటే, ఈయన ఆ భుజం వేసుకునే వచ్చాడు. అంపైర్‌తో ఒక్కనాడూ గొడవ పడలేదు. నువ్వెన్నిసార్లు పడ్డావో చెప్పమంటావా?"

ట్రెవర్ గొంతులో బీరు అడ్డం పడింది. అమృతానికి హెలెనాని కౌగిలించుకుని, ఓ గిన్నెడు రొయ్యల వేపుడు పంపిద్దామనిపించింది.

"ఇక చాలు. జోకి ఇద్దామనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు ప్రెసిడెంటు కెవిన్.

జోజయ్య కళ్లు మూసుకున్నాడు. మోకాలికి అమృతం మోకాలు తగిలింది.

"తెరవండి కళ్లు. ట్రెవర్‌ది తప్ప అన్ని చేతులూ లేచాయి!"

జోజయ్యకి ఒక్కసారిగా ఒళ్లంతా తేలికైపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. కెవిన్ లేచొచ్చి అతని వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

"గోడ నీదే, మేట్! రూలు ప్రకారం నువ్వు నోరు తెరిచి సరేననాలి. ఏమంటావ్?"

అడగ్గానే ఎగబడి సరేనంటే ఎంత చవకబారుగా ఉంటుంది! పెద్దమనిషన్నాక కాస్త మొహమాటపడాలి. వాళ్లు బతిమాలాలి, తను కాదనాలి. మళ్లీ బతిమాలాలి, మళ్లీ కాదనాలి. ఆఖరికి "మీరింతగా అడుగుతుంటే కాదంటానా" అంటూ తల వంచాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ జోజయ్య ఎరిగిన మర్యాద అదే.

"అబ్బెబ్బే, నాకెందుకండీ ఇవన్నీ! నేనేపాటివాణ్ణి? నాకన్నా గొప్పవాళ్లు ఎంతమంది లేరు!" అన్నాడు ఇంగ్లీషులో, చేతులు నులుముకుంటూ.

హెలెనా నోరు తెరిచింది. కెవిన్ కనుబొమలు ముడిచాడు.

"నిజంగానే అంటున్నావా, జో?"

ఆహా, రెండోసారి అడిగాడు! దొరలకీ మర్యాద తెలుసే అనుకున్నాడు జోజయ్య. అమృతం తొడ మీద గిల్లింది.

"సరేననండి, మీకు పుణ్యముంటుంది!"

"ఉండవే, ఇంకోసారి అడగనీ," అని గొణిగి, లేచి కెవిన్ వైపు తిరిగి ఈసారి రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. "వద్దంటే వద్దు కెవిన్! ఆ గోడకి నేను తగను!"

ఆ మాటకి కెవిన్ కళ్లు చెమర్చాయి. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఇంత నిజాయితీ గల మనిషిని నేనెక్కడా చూడలేదు. నీ మాటే మాకు శిరోధార్యం, మేట్," అన్నాడు.

షెడ్డంతా చప్పట్లతో మోగిపోయింది. జోజయ్య మాత్రం మూడోసారి అడుగుతారని, నవ్వు సిద్ధంగా పెట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

కెవిన్ అటు తిరిగాడు. "మరి ట్రెవర్, నువ్వేమంటావ్?"

"సరే మేట్. ఫొటో ఫ్రేము కట్టించి, కార్లో పెట్టుకునే వచ్చా!"