నిమ్మకాయలు తొక్కనన్న వ్యాను

డ్రైవరు లేకుండా తానే నడిచే, లోపలే పడుకునే వీలున్న కొత్త కేంపర్ వ్యాను ఇంటి గేటు దగ్గరే ఆగిపోయింది. చక్రాల కింద వరహాలమ్మ నిమ్మకాయలు పెట్టింది మరి.

"దారిలో వస్తువులున్నాయి. తొక్కలేనండీ," అంది వ్యాను మర్యాదగా.

"తొక్కకపోతే నేనెక్కను," అంది వరహాలమ్మ.

"పొద్దుగూకేలోపు భీమిలి చేరకపోతే సముద్రం పక్కన మనం బస చేసే చోటు ఇంకెవరికో ఇచ్చేస్తారే!" భర్త పైడిరాజు గోల.

వరహాలమ్మ వ్యాను వైపే తిరిగింది. "ఓలమ్మా, సెప్తే ఇనవేటి? నిమ్మకాయలు తొక్కితేనే మనం క్షేమంగా ఎల్తాం!"

"అలాగా! మీ క్షేమమే కదండీ నా పని," అంటూ వ్యాను వాటిని కసుక్కున తొక్కేసి బయల్దేరింది.

పొద్దుండగానే భీమిలి చేరారు. సముద్రం చూసి ఇద్దరూ మురిసిపోతుండగా, ఒడ్డున నిమ్మసోడా బండి కనబడింది. దాని మీద నిమ్మకాయలు గుట్టగా పోసున్నాయి.

"అమ్మా, అదిగో బోలెడంత క్షేమం!" అంటూ వ్యాను వేగం పెంచింది.