నొక్కని హారన్

బుల్లెట్ ఎడమపక్కకి పడింది. దాని కింద వెంకటరామారావు ఎడమకాలు పడింది.

బూట్లు, తోలు చేతిజోళ్ళు, హెల్మెట్, అన్నీ తగిలించుకునే ఎక్కాడు. ఎలా పడ్డాడో ఆయనకే అంతుపట్టలేదు. కాలు ఆన్చబోయాడు, నేల అందలేదు. దూరప్రయాణంలో నడుం పట్టేయకూడదని సీటు మీద నాలుగంగుళాల స్పాంజి ఎక్కించుకున్నాడు కదా, మరి నేల ఎక్కడ అందుతుంది?

అదృష్టం బాగుండి కాలు విరగలేదు. బండి బరువు చాలావరకు లెగ్‌గార్డు మోసింది. కానీ వెనకనున్న ఇనుపపెట్టె పిక్కని నేలకేసి అదిమిపెట్టింది. కదిపితే కదలదు, లాగితే రాదు.

చుట్టూ టేకుచెట్లు. కింద గలగలలాడే ఎండుటాకులు. ఎటునుంచో ఇప్పపూల వాసన. ఆ ఎండకి దారిలో ఒక్క మనిషీ లేడు.

అప్పుడు వినబడింది.

గుర్ర్... గుర్ర్...

దగ్గర్లోనే. ఆగి ఆగి వస్తోంది. వెంకటరామారావుకి ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ చప్పుడు ఆగిందంటే తన పని అయిపోయినట్టే.

ఈ ప్రయాణం కోసం ఏడాదిగా కలలు కన్నాడు. ములకలపల్లిలో పొద్దున లేస్తే పొలం, పొద్దుగూకితే ఇల్లు. పుట్టి బుద్ధెరిగాక తన ఇష్టం కొద్దీ ఒక్క రాత్రి పరాయి ఊళ్ళో గడిపిన పాపాన పోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, భద్రాచలం వంతెన దాటి, చింతూరు మీదుగా బస్తరు అడవుల్లోకి పోవాలి. తన బండి మీద, తనొక్కడే.

అందుకని అశ్వారావుపేటలో మెకానిక్కు సంసోను షెడ్డు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. కార్బురేటరు కడిగించాడు. చైను మార్పించాడు. క్లచ్ ప్లేట్లు కొత్తవి వేయించాడు. ముందు లెగ్‌గార్డు, వెనక క్యారియరు, అటొకటి ఇటొకటి ఇనుపపెట్టెలు. అవి చాలవన్నట్టు విడిగా బ్యాటరీ పెట్టించి మరీ లారీ హారన్ బిగించుకున్నాడు.

“ఇగ చాలు సారూ. బండి కనబడ్తలేదు, సామానే కనబడ్తంది” అన్నాడు సంసోను.

“అడవిలో ఏ అవసరం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసయ్యా?”

“అవ్, గదీ నిజమే. మరి ఎలుగ్గొడ్డు ఎదురైతే ఏం జేస్తవ్?”

“హారన్ కొడతాను.”

సంసోను పడీ పడీ నవ్వాడు. “గట్ల జేస్తే ఇంకింత మీదికొస్తది. సచ్చినోని లెక్క కండ్లు మూసుకొని పండుకో. వాసన జూసి అదే పోతది.”

ఇంట్లో తల్లి భారతమ్మ మాత్రం నవ్వలేదు. పొలం ఆవిడది, పెత్తనం ఆవిడది, నలభై రెండేళ్ళ కొడుకూ ఆవిడ సొత్తే. “ఆ బండి ఒక్కసారి కింద పడిందని తెలిసిందో, మర్నాడే అమ్మేస్తాను. మళ్ళీ ప్రయాణం మాటెత్తావంటే నా మీద ఒట్టే!” అంది. అని ఊరుకునే మనిషి కాదు.

ఇప్పుడు పడనే పడింది.

బోల్టులు విప్పే పానాలున్నాయి, పిక్క మీదెక్కి కూర్చున్న ఎడమపెట్టెలో. నీళ్ళున్నాయి, తాడుంది, పైకి లేచిన కుడిపెట్టెలో. దాని గడియ వేళ్ళకి అందీ అందకుండా ఉంది. సులువుగా అందేది ఒక్కటే, హారన్ బటను.

బొటనవేలు దాని మీదికి పోయింది. నొక్కితే చుట్టుపక్కల అంతా అదిరిపోతుంది. ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. కానీ అందరికంటే ముందు ఆ గుర్రు ఆగుతుంది.

వేలు వెనక్కి తీసుకున్నాడు.

‘ఛీ, ఏం బతుకురా నాది! ఇంత హారన్ పెట్టించుకుని కిక్కురుమనకుండా పడుండాల్సి వచ్చిందే!’ ఏడుపు ముంచుకొచ్చింది. చీమలు మెడ మీదికి పాకుతున్నాయి. భద్రాద్రి రామయ్యని తలుచుకున్నాడు. ఈ గండం గట్టెక్కిస్తే బస్తరుకి పోయేముందు నీ గుడికే వస్తాను తండ్రీ అని మొక్కుకున్నాడు.

ధైర్యం తెచ్చుకుని చెయ్యి బారజాపాడు. మునివేళ్ళతో కుడిపెట్టె గడియ లాగాడు. తాడు దొరికితే హ్యాండిలుకి కట్టి, అవతలి కొస చెట్టుకి తిప్పి లాగొచ్చు. మూత తెరుచుకుంది.

తాడు రాలేదు. స్టీలు క్యారేజి వచ్చింది. ఇంజను మీద పడి, రాయి మీద పడి, నాలుగు గిన్నెలూ నాలుగు దిక్కులకి దొర్లిపోయాయి.

గుర్రు ఆగిపోయింది.

క్షణం సేపు ఏమీ లేదు. తర్వాత ఎండుటాకులు నలిగాయి. ఒక అడుగు. ఇంకో అడుగు. తొందరేమీ లేని బరువైన అడుగులు.

వెంకటరామారావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. సంసోను చెప్పాడని కాదు, చిన్నప్పటి నుంచీ ఆయనకిది అలవాటే. అడుగులు తల దగ్గర ఆగాయి. వెచ్చటి ఊపిరి చెంపకి తగిలింది. పోతుంది, పోతుంది అనుకున్నాడు. పోలేదు.

“ఇంకా మన గేటైనా దాటలేదు, అప్పుడే పడేశావుట్రా?” అంది, వసారాలో మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నదల్లా లేచొచ్చిన భారతమ్మ.