వీపు వెనక చెయ్యి

బరువు సరిపోవాలని జెయింట్ వీల్ నడిపే అతను మొగుడూ పెళ్లాలను విడదీశాడు.

భర్త బస్సు కండక్టరు, భారీ మనిషి. అతన్ని డబ్బాలో ఒక బల్ల మీద ఒక్కడినే కూర్చోబెట్టాడు. ఎదురు బల్ల మీద తలుపు పక్కగా ఆమెను, ఆమె పక్కన ఒంటరిగా వచ్చిన చారల చొక్కా ముసలాయనను సర్ది, గడియ వేసి వెళ్లాడు.

"ఇద్దరి చోటు మీరొక్కరే ఆక్రమించారు. రెండో టికెట్ కూడా కొట్టుకోండి," అంది ఆమె, భయం కనపడనీయకుండా.

కాన్పు తర్వాత ఇదే మొదటి షికారు. పాపను సాయంత్రం దాకా నేను చూసుకుంటాను, ఇద్దరూ ఆ పార్కేదో చూసి రండని అత్తగారే తరిమినంత పని చేసింది. పొద్దున్నుంచి ప్రతి ఆట దగ్గరా ఆమెది ఒకటే ప్రశ్న. ఇది ఊడి పడితే పాపకు దిక్కెవరు? రోజూ ఇంతమంది ఎక్కుతున్నారు, ఊడేదైతే ఈపాటికే ఊడేదని భర్త నచ్చజెబుతూ వచ్చాడు. ఈ ఒక్కటీ ఎక్కితే ఇంటికి పోదామన్నాడు.

డబ్బా పైకి లేచింది.

"రైట్ రైట్," అంటూ భర్త సరదాకి కాళ్లతో ఊపాడు.

ఆమె కెవ్వుమని లేచి నిలబడింది. డబ్బా ఒక పక్కకు ఒరిగింది. ముసలాయన చప్పున ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"లేవకూడదు తల్లీ. ఏం జరిగినా లేవకూడదు."

కూర్చుంది కానీ దడ తగ్గలేదు. కింద జనం పట్టుకున్న గొడుగులు చొక్కా బొత్తాలంత అయిపోయాయి.

చక్రం నడినెత్తికి చేరుతుండగా ఎక్కడో టక్కుమంది.

"ఏమిటా చప్పుడు?"

ముసలాయన ఆమె అవతలికి వంగి చూశాడు.

"పాత చక్రం కదమ్మా. మోకాళ్ల నొప్పులు," అన్నాడు.

తర్వాత ఆమెను కాస్త తన వైపు జరగమన్నాడు.

ఆమె జరగలేదు. ఆయన మళ్లీ అడిగాడు, ఇంకా మెల్లగా, చంటిపిల్లను బుజ్జగిస్తున్నట్టు. ఆమె తలుపు మూలకు మరింత ఒదిగిపోయింది.

అప్పుడు ఆయన చెయ్యి ఆమె వీపు వెనక నుంచి వెళ్లి అవతలి ఊచలు పట్టుకుంది.

భర్త ముఖంలో నవ్వు పోయింది.

"పెద్దాయనా, చెయ్యి తియ్యి."

ఆయన తియ్యలేదు.

ఇలాంటి చేతులను బస్సులో రోజూ చూస్తానన్నాడు భర్త. ప్రతివాడూ పట్టు కోసమనే అంటాడనీ, అలాంటివాళ్లను నడిరోడ్డు మీద దించేస్తాననీ అంటూ లేవబోయాడు.

"కదలకు."

ఆ గొంతులో ఇప్పుడు బుజ్జగింపు లేదు.

"ఇద్దరూ కదలకండి."

భర్త లేవబోయినవాడు లేవబోయినట్టే కూలబడ్డాడు. దిగడానికి నేల లేదు, పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఈ మనిషి ఏం చేస్తాడో తెలియదు.

చక్రం ఇంకో చుట్టు మొదలెట్టింది. ఆ చెయ్యి ఆమె వీపుకు కట్టెలా తగులుతోంది. ఆమె ఓరగా చూసింది. ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. పళ్లు బిగించి ఉన్నాయి. ఆ ముఖం చూశాక మళ్లీ చూసే ధైర్యం లేక కళ్లు మూసుకుంది.

పాపకు పాలవేళ అయినట్టుంది, జాకెట్టు తడిసింది. పైట బిగించి పట్టుకుని, ఇంకొక్కసారి పాపను ఎత్తుకోనిస్తే చాలని ఏ దేవుడికో చెప్పుకుంది. ఆమె మూలకు నొక్కుకుంటున్న కొద్దీ ఆ చెయ్యి ఇంకా బిగుసుకుంది.

చివరికి చక్రం ఆగింది.

"ముందు నువ్వు దిగమ్మా," అన్నాడు ఆయన. అప్పుడు వదిలాడు.

ఆమె దూకినట్టు దిగింది. భర్త ఆయన్ను చొక్కా పట్టుకుని కిందికి లాగి చెంప మీద కొట్టాడు. జనం మూగారు. వయసుకు తగిన బుద్ధి ఉండొద్దూ అంది ఒకావిడ. ఎక్కేటప్పుడే నాకు అనుమానం వచ్చిందంది, అప్పుడే వచ్చిన ఇంకొకావిడ. కాపలావాళ్లు రెక్క పట్టుకుని ఆయన్ను గేటు వైపు నడిపించారు.

ఆయన ఒక చెయ్యి చంకలో దాచుకుని నడిచాడు. పోతూ పోతూ చక్రం నడిపే అతనితో మాత్రం, ఆ డబ్బాలోకి ఇంకెవరినీ ఎక్కించొద్దని చెప్పాడు.

"దెబ్బ తిన్నా సీటు మీద మోజు తీరలేదు," అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. చేతిసంచి డబ్బాలోనే మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి వెళ్లేసరికి డబ్బా ఇంకా కిందనే ఉంది. పాపను చంకనేసుకున్న ఒకామె ఎక్కడానికి కాలు ఎత్తింది. చక్రం నడిపే అతను చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు.

తలుపు వేశాడు. అది తెరుచుకుంది. మళ్లీ వేశాడు. మళ్లీ తెరుచుకుంది.

"గడియ విరిగి ఎక్కడో పడిపోయిందమ్మా," అన్నాడు సంచి కోసం వచ్చిన ఆమెతో, ముఖం పాలిపోయి. "మీరు ఎక్కేటప్పుడు బాగానే పడిందే."

తలుపు ఊచల మీద, తన వీపు ఆనిన చోట, నలిగిన నాలుగు వేళ్ల నెత్తురు ఇంకా ఆరలేదు.

సంచి అక్కడే వదిలేసి ఆమె గేటు దాకా పరుగెత్తింది. వెనకే వచ్చిన భర్త తన అరచేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. రోడ్డుకు ఈ చివరా ఆ చివరా ఎక్కడా చారల చొక్కా లేదు.

పైన ఉన్నంతసేపూ ఆ తలుపుకు ఉన్న గడియ, ఎప్పుడు తనను వదులుతుందా అని ఆమె ఎదురుచూసిన ఆ చెయ్యొక్కటే.