ఆట తెలియని అభిమాని

కబడ్డీ ఫైనల్‌కి వస్తే క్లాసుకొచ్చినట్టే హాజరు వేస్తామని ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పేసరికి గ్రౌండు నిండిపోయింది. సగం మంది హాజరు కోసం వచ్చారు. కొందరు స్నేహితులు లాక్కొస్తే వచ్చారు. ఇంకొందరికి గేటు దగ్గర పునుగుల బండి ఉంటే చాలు. తేజశ్రీ మాత్రం అందరికంటే ముందొచ్చి, సున్నం గీతల పక్కనే మొదటి వరసలో కూర్చుంది.

హాజరు వేసినా వేయకపోయినా ఈ ఏడు ఆ పిల్ల ఒక్క మ్యాచ్ వదల్లేదు. పోనీ ఆట తెలుసా అంటే అదీ లేదు. ఎవరు అవుటయ్యారో చెప్పమంటే బిక్కమొహం వేస్తుంది. కెప్టెన్ మహిమ కూతకు వెళ్ళగానే గ్రౌండంతా "మహిమా, మహిమా" అని హోరెత్తుతుంది. సరిగ్గా అప్పుడే ఈ పిల్ల కళ్ళు మూసుకుంటుంది. చూడ్డానికొచ్చి కళ్ళు మూసుకోవడం ఏం చోద్యమో! మళ్ళీ తెరిచేసరికి కళ్ళలో నీళ్ళు. అదేమంటే మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు అంటుంది.

మహిమక్క అంటే దీనికి పిచ్చి అని రూమ్మేట్ నస్రత్ హాస్టలంతా చెప్పి నవ్వించేది. తేజశ్రీ కాదనేది కాదు.

నిజానికి ఆ పిల్లది ఒంటరి బతుకు. హాస్టల్లో అందరూ తేజూ తేజూ అంటూ బాగానే ఉంటారు, తప్పు వాళ్ళది కాదు. రెండేళ్ల కిందట అమ్మ పోయింది. నాన్న ఆ మిర్చి యార్డులోనే బస్తాలు మోస్తూ రాత్రిళ్ళు అక్కడే పడుకుంటాడు. ఆదివారం ఫోన్ చేసి "పాపా, తిన్నావా" అంటాడు, తిన్నానంటుంది, ఆపైన ఇద్దరికీ మాటలు దొరకవు. ఫోన్ పెట్టేశాక దుప్పటి ముసుగేసుకుని ఎంతసేపు ఏడ్చేదో ఆ పిల్లకే తెలియాలి. మ్యాచ్ ఉన్న రోజు మాత్రం మొహం వెలిగిపోయేది.

ఇవాళ్టితో అదీ అయిపోతుంది. మహిమది ఆఖరి సంవత్సరం.

ఆట సగంలో ఉండగా మహిమ మడమ బెణికింది. కోచ్ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి షారోన్‌ని దించాడు. చూసేవాళ్ళకేం, ఎవరు ఆడితే వాళ్ళ పేరే. అందరూ షారోన్, షారోన్ అని అరవడం మొదలెట్టారు.

తేజశ్రీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎన్నడూ నోరు విప్పని పిల్ల, లేచి తాడు దాటి బెంచీ దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, ఒక్కసారి దిగవా? ఒక్కసారి చాలు."

"నిలబడలేకపోతున్నానే."

"ఇదే ఆఖరు కదక్కా."

మహిమ వాళ్ళది చీరాలలో మగ్గాల ఇల్లు. పని మానుకుని ఆట చూడ్డానికి వచ్చే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు, ఏనాడూ ఎవరూ రాలేదు. తన కోసమంటూ ప్రతి మ్యాచ్‌కీ వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. ఆ సంగతి గుర్తొచ్చి మహిమ ఇక కాదనలేకపోయింది. మడమకి బ్యాండేజి బిగించి కట్టించుకుని, కోచ్ వద్దంటున్నా వినకుండా ఆఖరి కూతకు దిగింది.

గ్రౌండు దద్దరిల్లింది. "మహిమా, మహిమా" అని ఒకటే అరుపులు. తేజశ్రీ కళ్ళు మూసుకుంది.

అవతలి వాళ్ళు మహిమని గీత దాటనివ్వకుండా పట్టేశారు. కప్పు ఒంగోలు కాలేజీ పట్టుకుపోయింది.

జనం పల్చబడ్డాక మహిమ కుంటుకుంటూ వచ్చి తేజశ్రీ పక్కన చతికిలబడింది. ఆ పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది.

"నీ కోసమే దిగాను చెల్లీ. గెలిపించలేకపోయా. ఊరుకో."

తేజశ్రీ తల అడ్డంగా ఊపింది. ఓడినందుకు కాదంది.

"మరెందుకే?"

"బళ్ళో తేజశ్రీ అని రాయించారు గానీ, మా అమ్మ ఉన్నన్నాళ్ళూ నన్ను మహిమా అనే పిలిచేదక్కా."