ఎడమ పక్క

"జీపు అటువైపు తిప్పన్నా. ఎండ మొహమ్మీద కొడుతోంది," అంది ఆమె, కెమెరాలోంచి కన్ను తీయకుండానే.

డ్రైవరు కదలలేదు. ఇంజను ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుని కూర్చున్నాడు.

ముప్పై అడుగుల దూరంలో, వెదురు పొద పక్కన పులి పడుకుని ఉంది. దానికోసం ఆమె ఆరు రోజులుగా ఈ అడవిలో దుమ్ము మింగుతోంది. ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయి. రేపు తెల్లారితే తిరుగుప్రయాణం. తీరా పులి కనబడ్డాక ఈ మనిషి జీపుని దాని కుడివైపున, సరిగ్గా ఎదురెండలో పెట్టి మొండికేశాడు. మొన్న దూరంగా ఒకసారి కనబడినప్పుడూ ఇంతే చేశాడు. పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాడికి వెలుగు ఎటుండాలో తెలియదా అని ఆమె విసుక్కుంది. తెలుసన్నాడు. అయినా తాళంచెవి బయటికి తీయలేదు.

అంతలో పులే లేచింది. తాపీగా ఒళ్ళు విరుచుకుని, జీపు ముందునుంచే దారి దాటి, అవతలి గట్టుమీద నిలబడింది. వెనకాలే రెండు పిల్లలు దొర్లుకుంటూ వచ్చి దాని కాళ్ళ మధ్య దూరాయి. ఇప్పుడు ఎండ ఆమె వీపుమీద ఉంది. పులి ఎడమ పక్క చారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనబడుతున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

డ్రైవరు స్టీరింగుమీద తల ఆనించాడు.

"ఆ ఫొటో చెరిపెయ్యండమ్మా," అన్నాడు.

ఆమె తెల్లబోయింది. పులి పొదల్లోకి వెళ్ళిపోయాక, తిరిగివచ్చే దారిలో అతను ఒక్కొక్క మాటే బయటపెట్టాడు. మన వేలిముద్రల్లాగే ఏ పులి చారలు దానివే. ఒక పక్క చారలకీ రెండో పక్క చారలకీ పోలిక ఉండదు. మూడు నెలల క్రితం వాగు దగ్గర ఒక పులి చేతిలో ఒకావిడ ప్రాణం పోయింది. అక్కడ చెట్టుకి కట్టిన కెమెరాలో ఆ పులి ఎడమ పక్క ఒక్కటే పడింది. కాల్చెయ్యమని ఆర్డరు వచ్చింది. కానీ ఈ చుట్టుపక్కల ఆడపులులు నాలుగున్నాయి. అది ఏదో తేలేదాకా తుపాకి ఎత్తడానికి లేదు. అందుకే అడవిలోంచి బయటికి వెళ్ళే ప్రతివాళ్ళ ఫొటోలూ గేటు దగ్గర రేంజరు చూస్తున్నాడు. అందుకే ఇతను మూడు నెలలుగా అందరికీ ఆ పులి కుడి పక్కే చూపిస్తున్నాడు.

"అంటే, మనిషిని చంపిన పులిని నువ్వు దాస్తున్నావన్నమాట," అంది ఆమె.

అతను కాదనలేదు. ఆవిడ గడ్డి కోయడానికి వంగిన చోటే, ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నాయని చెప్పాడు. పులి ఒక్క దెబ్బ కొట్టి, పిల్లల్ని నోట కరుచుకుని పోయింది. శవాన్ని ముట్టనైనా ముట్టలేదు. ఆ రోజు నుంచి కొండ దాటి ఊరివైపు తొంగి చూడలేదు.

"అది పోతే ఆ రెండూ వారం బతకవమ్మా."

"మరి పోయినావిడకి పిల్లలు లేరా?"

"ఇద్దరు. చిన్నదానికి ఇంకా మాటలు రాలేదు."

"ఆ పిల్లల మొహం చూసి అనగలవా ఈ మాట?"

అతను గేరు మార్చాడు. గుంట తప్పించాడు.

"రోజూ చూస్తూనే ఉన్నాను," అన్నాడు చివరికి. "ఆపైన మీ ఇష్టం."

చిన్న ఊరు, అందరూ అందరికీ తెలిసినవాళ్ళే అయి ఉంటారనుకుంది ఆమె. కోపం మాత్రం చల్లారలేదు. గేటు దగ్గర జీపు దిగేటప్పుడు అతనివైపు చూడను కూడా చూడలేదు.

రేంజరు పెద్దమనిషి. కళ్ళజోడు సవరించుకుని, బల్లమీద ఫైలు తెరిచి పెట్టాడు. అందులో పులి ఎడమ పక్క ఫొటో ఉంది. భుజం వెనక మూడు చారలు కలిసి ఒకటయ్యాయి. అలా కలవడం ఆమె అరగంట క్రితమే చూసింది. అతను కెమెరాలోని మెమరీ కార్డు కోసం చెయ్యి చాపాడు. మొహం కడుక్కుని వస్తానని చెప్పి, ఆమె కెమెరాతో సహా పక్కగదిలోకి వెళ్ళింది.

తలుపు వేసుకుని ఆ ఫొటో పెద్దది చేసి చూసింది. తల్లి పొట్ట కిందనుంచి ఒక పిల్ల తలెత్తి సూటిగా ఆమెనే చూస్తోంది. ఇంత మంచి ఫొటో ఆమె జన్మలో తీయలేదు, ఇక తీయబోదు కూడా. మాటలు రాని ఆ చిన్నపిల్లా గుర్తొచ్చింది. తల్లి లేని పిల్లలు ఇప్పటికే ఇద్దరున్నారు. తప్పు చేస్తోందో ఒప్పు చేస్తోందో ఆమెకే తెలియలేదు. వేలు మాత్రం వెళ్ళి ఆ ఫొటో చెరిపేసింది.

తిరిగొచ్చి కార్డు ఇచ్చింది. రేంజరు ఒక్కొక్క ఫొటో జరిపాడు. అన్నీ కుడి పక్కే.

"ఎడమ పక్క ఒక్కటి కూడా పడలేదామ్మా?"

"ఎండ ఎదురుగా ఉందండీ," అంది ఆమె. "కుదరలేదు."

అతను ఫైలు మూసి, కళ్ళజోడు తీసి, కిటికీలోంచి బయటికి చూశాడు. డ్రైవరు పాత గుడ్డతో జీపు దుమ్ము తుడుస్తున్నాడు.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను అతనికి, ఇవాళ కూడా దొరకలేదని?" అన్నాడు రేంజరు. "ఆ రోజు వాగు దగ్గర పోయింది అతని భార్యేనమ్మా."