పెళ్లి ఫోటో కింద మాట

"వచ్చేశాయి! అమ్మ రాసినవన్నీ వచ్చేశాయి!" అని అతను కేక పెట్టేసరికి, ఆమె దుప్పటి విసిరేసి పరుగెత్తుకొచ్చింది.

సాయంత్రం కొత్త అప్‌డేట్ వేసినప్పటి నుంచి, ఇంటి సర్వర్‌లో ఉన్న కుటుంబం వెబ్‌సైట్‌లో ఫోటోలే మిగిలాయి. వాటి కింద అత్తగారు బతికుండగా రాసిన మాటలన్నీ మాయమయ్యాయి. వాటికి వేరే కాపీ లేకపోవడంతో, అతను అర్ధరాత్రి దాకా సర్వర్‌తో కుస్తీ పట్టాడు. కొత్త కోడలికి తెలిసిన అత్తగారంటే ఆ మాటలే.

ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని చదువుకున్నారు. అతని చిన్నప్పటి ఫోటో కింద, 'చొక్కా తిరగేసి తొడుక్కున్న నా రాజు.' పకపకా నవ్వుకున్నారు. అన్నిటికంటే చివర, నెల కిందటి వాళ్ల పెళ్లి ఫోటో. దాని కిందా ఒక మాట ఉంది.

'భుజాన పిన్నీసు గుచ్చుకుంటున్నా నవ్వుతోంది, పిచ్చిపిల్ల.'

"నువ్వే రాశావు కదూ, దొంగా!" అందామె.

"పిన్నీసేంటి? నాకెప్పుడు చెప్పావు?"

ఆమె ఎవరికీ చెప్పలేదు. అల్మారాలో సర్వర్ ఫ్యాను ఒక్కటే గుయ్యిమంటోంది.

"అమ్మ పోయి మూడేళ్లు," అన్నాడతను మెల్లగా.

ఆమె ఆ మాటను మళ్లీ చదివింది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపు మిగతా పెళ్లి ఫోటోలన్నీ ఎక్కిద్దాం," అంది. "అత్తయ్యకి ఒక్కటే చూపించాం, పాపం."