నమిలిన కాలరు

“కాలరు మార్చాలి. రేపటికి కావాలి,” అంటూ తల్లి స్కూలు చొక్కాను బల్ల మీద పడేసింది.

పక్కనే తొమ్మిదేళ్ల కూతురు తల వంచుకుని నిలబడింది.

స్కూలు గేటుకి ఎదురుగా ఉన్న ఆ చిన్న కొట్లో యూనిఫాంలన్నీ కుట్టేది ఒక్క ముసలి టైలరే. ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకోటి. అందుకే పిల్లలకి ఆయన కళ్లజోడు తాత.

తాత కాలరుని లైటు కింద పెట్టి, వేలితో తడిమి చూశాడు.

“ఇది చిరగలేదమ్మా. నమిలింది.”

“పిల్లలన్నాక నములుతారు. మీరు మార్చండి.”

“పోయిన నెలే ఒకటి మార్చాను. ఇది రెండోది.” తాత పిల్ల వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఏం తల్లీ, భయమేస్తోందా?”

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

తాత సొరుగులోంచి ఓ చీటీ తీశాడు. “పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఉంది. ఒక్కసారి తీసుకెళ్లండమ్మా.”

అంతే, తల్లికి చిర్రెత్తుకొచ్చింది.

“మా పిల్లకి పిచ్చనుకున్నావా? కుట్టేవాడివి కుట్టు. నీ పని నువ్వు చూసుకో!”

“నా పనే చూసుకుంటున్నానమ్మా,” అన్నాడు తాత.

ఆవిడ ల్యాబ్‌లో ఉద్యోగి. ఊరందరి రక్తం మైక్రోస్కోపు కింద పెట్టి ఎవరికేం జబ్బో తేల్చే మనిషి. అలాంటి మనిషికి ఓ టైలరు చెప్పడమా! అక్కడితో ఊరుకుంటే ఆవిడ ఆవిడే కాదు. తిన్నగా రోడ్డు దాటి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, గోరంతను కొండంత చేసి చెప్పింది. “ఆ ముసలాయన పిల్లలకి లేనిపోని రోగాలు అంటగడుతున్నాడు” అంది. ఇంకో ఇద్దరు తల్లులు వంత పాడారు.

వారం తిరక్కుండా స్కూలు పని వేరే కొట్టుకి పోయింది.

కొత్త టైలరు బుద్ధిమంతుడు. మూడో కాలరు మార్చాడు, నాలుగోదీ మార్చాడు. ఒక్క మాట అడిగితే ఒట్టు.

ఐదోది మార్చాల్సిన రోజున పిల్ల బడికి రానంది. స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంది. తల్లి బతిమాలింది, తిట్టింది, తలుపు బాదింది. గంట తర్వాత తలుపు తెరుచుకుంది. పిల్ల గోళ్లన్నీ రక్తం వచ్చేదాకా కొరికేసుకుంది.

“ఏమైందే? చెప్పవే నా తల్లీ!”

పిల్ల మళ్లీ కాలరు నోట్లో పెట్టుకుంది.

అప్పుడిక ఆవిడకి పంతం గింతం గుర్తుకు రాలేదు. బీరువాలో చొక్కాలన్నీ కిందికి లాగి జేబులు వెతికింది. తాత ఆ రోజు అన్ని తిట్లు తిని కూడా, కాలరు మార్చి, ఆ చీటీ మడిచి జేబులో పెట్టి పంపాడు. ఉతుకుల్లో నలిగినా అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయి.

పది వారాలు తిరిగారు. మధ్యలో ఒక వారం క్లినిక్ మూసి ఉంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. పిల్లతో బొమ్మలు వేయించింది, ఆడింది, కావాలని ఓడిపోయింది. పదో వారం తల్లి ముందే పిల్ల నోరు తెరిచింది.

“అమ్మ ఊరెళ్తున్నానని చెప్పి ఆసుపత్రికెళ్లింది. కడుపు కోశారు. నేను సంచిలో కాగితం చూశా. ఇప్పుడు రోజూ గేటు దగ్గర ల్యాబ్‌కెళ్తున్నా అంటుంది. నిజంగా ల్యాబ్‌కేనో కాదో నాకెలా తెలుస్తుంది?”

తల్లి నీరుగారిపోయింది. ఏడాది కిందటి ఆపరేషన్ అది. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే అనుకుంది.

కూతుర్ని ఒళ్లోకి లాక్కుని అంతా చెప్పింది. ఎక్కడ కోశారో, ఎందుకు కోశారో, ఎలా నయమైందో. ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనని చేతిలో చెయ్యేసింది.

తర్వాత నెలంతా కాలరు చెక్కుచెదరలేదు.

తల్లి ఆ చొక్కా పట్టుకుని, పిల్లకి మెడల్ వచ్చినంత సంబరంగా తాత కొట్టుకి పరుగెత్తింది. షట్టరు దించి ఉంది. రోజూ గేటు దాకా వస్తున్నా, మొహం చెల్లక ఇన్నాళ్లూ అటు చూడనే లేదు.

“తాత చనిపోయి రెండు నెలలు దాటిందమ్మా,” అన్నాడు పక్కనున్న పుస్తకాల కొట్టాయన. “పని లేకపోయినా రోజూ కొట్టు తెరిచేవాడు. బడి వదిలే వేళకి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే పిల్లల్నే చూసేవాడు.”

మర్నాడు డాక్టరమ్మ ముందు కూర్చుని తల్లి భోరుమంది.

“ఆయన నోటి దగ్గర కూడు లాగేశానండీ. నీ పని నువ్వు చూసుకో అన్నాను. కాళ్లు పట్టుకుందామన్నా మనిషి లేడు.”

“ఆ మాట ఆయన్ని చాలామందే అన్నార్లెండి,” డాక్టరమ్మ నవ్వింది. “అయినా మానలేదు. ఆయన చీటీ పట్టుకుని నా దగ్గరికొచ్చిన పిల్లలు నూట పన్నెండు మంది. మీ పాప నూట పన్నెండోది.”

“టైలరాయనకి ఇవన్నీ ఎలా తెలిశాయండీ?”

“ఆయన కూతురూ కాలర్లు నమిలేది. తల్లి పోయిన పిల్ల. ఏడు కాలర్లు మారు మాట్లాడకుండా మార్చాడు. ఎనిమిదోసారి మిషను ఆపేసి, ‘ఇన్నాళ్లూ కాలరే చూశాను, నిన్ను చూడలేదు తల్లీ’ అని ఏడ్చాడు. ఆ రోజు నుంచీ ఏ పిల్ల కాలరూ అడక్కుండా మార్చలేదు.”

తల్లి కళ్లు తుడుచుకుంది. “ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉందండీ?”

డాక్టరమ్మ తలెత్తింది. ఆ తడికళ్లలో ఎంత గర్వమో!

“మీ ఎదురుగానే కూర్చుని ఉందమ్మా.”